పరదా పడవ

మొన్న మధ్యాహ్నం అల్లం మూటల లారీ ఒకటి చప్పుడు లేకుండా, నేను బండ్ల బరువు తూచే కాంటా మీదికి వచ్చింది. ఎదురుగా తెర మీద అంకె కదలడం చూసి తలెత్తాను గానీ, లారీ రావడం విని కాదు. సున్నా ఉన్నచోట అంకెలు పుట్టాయి, కాసేపు ఊగాయి, నిలబడ్డాయి. కిటికీలోంచి తొంగిచూస్తే ఎవరో కొత్త డ్రైవరు. ఇంజను బంద్ చేసి బండిని వాలులో వదిలేసినట్టున్నాడు.

"ఎవరు నేర్పిన్రు నీకిది?" అని అడిగాను.

"నేర్పుడేంది సాబ్, డీజిల్ అయిపోయింది," అన్నాడు.

బండిని కాంటా మీంచి పక్కకు తోయడానికి టీ కొట్టు దగ్గరున్న వాళ్లంతా రావాల్సి వచ్చింది. వాళ్లు తిట్టుకుంటూ తోస్తుంటే నేను మాత్రం వాలు పైనున్న యార్డు వైపే చూస్తూ ఉండిపోయాను. ఆ వాలులో అట్లా చప్పుడు లేకుండా దిగివచ్చిన మనిషి ఇంకొకాయన ఉండేవాడు. ఆయన పోయి ఒక వానాకాలం దాటింది.

అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. మా దారిలో ప్రతి లారీ డ్రైవరూ ఏదో ఒక క్లీనరుకు ఉస్తాదే. కానీ చిరాగ్‌పల్లి దగ్గర మా కాంటాలో ఉత్తి ఉస్తాద్ అంటే ఆయనొక్కడే. జహీరాబాద్ నుంచి బొంబాయికి అల్లం, అటు నుంచి ఇటు ఏది దొరికితే అది, ముప్పై ఏళ్లకు పైగా మోశాడు.

ఎత్తు మీద యార్డు, కింద కాంటా, మధ్యలో మట్టిదారి. ఉస్తాద్ పైన ఇంజను నడిపించి, బ్రేకులకు గాలి నిండిందని ముల్లు చూపించాక, తాళం తిప్పి బంద్ చేసేవాడు. తల కిటికీలోంచి బయటపెట్టి మెల్లగా దిగేవాడు. టైర్ల కింద మొరం నలిగే చప్పుడు తప్ప ఏమీ ఉండదు. కళ్లు సగం మూసి, నోరు కొద్దిగా తెరిచి, నిద్రపోతున్న పసిపిల్ల ఊపిరి వినేవాడిలా ఉండేది ఆ ముఖం. బండి సరిగ్గా కాంటా నడుమకు వచ్చి ఆగేది.

"బ్రేకు తప్పితే నా గది కూలుతది ఉస్తాద్," అని ఎన్నిసార్లన్నానో.

"గాలి నిండుగున్నది. నీకేం ఫికర్ కాంటాసాబ్," అని హైవే అవతలికి వినపడేలా అరిచేవాడు. మామూలు మాటే. ఆయన మామూలు మాట అంత గట్టిగా ఉండేది.

పాత లారీల్లో ఇంజను డ్రైవరు పక్కనే, క్యాబిన్ లోపలే ఉంటుంది, మీద ఒక రేకు మూతతో. డ్రైవరుకు అది ఎడమవైపు. అన్నేళ్లు ఆ పక్కనే కూర్చుంటే ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి సగం మిగిలింది. అందుకని ఎవరైనా ఎడమవైపు నిలబడి మాట్లాడితే ఉస్తాద్ వాళ్లను భుజం పట్టి చుట్టూ తిప్పి కుడివైపు తెచ్చుకునేవాడు. ఊరికే తెచ్చుకునేవాడు కాదు. క్లీనరు లారీని వెనక్కి పిలిచినట్టు చెయ్యి ఊపుతూ, "రానీ, రానీ, జర లెఫ్టు కొట్టు, ఆఁ, చాల్," అని నిలబెట్టేవాడు. పోలీసు జవాన్ని కూడా ఒకసారి అట్లాగే పార్కు చేశాడు. ఆయన కోపం తెచ్చుకోబోయి నవ్వేశాడు.

ఒక్క మనిషిని మాత్రం ఉస్తాద్ ఎప్పుడూ కుడివైపు తెచ్చుకోలేదు. ఆమె ఆయన భార్య. నాకు వదినె వరస.

పెళ్లి పీటల మీద ఆమెను ఆయనకు ఎడమవైపు కూర్చోబెట్టారట. ఆమె ఇక ఆ పక్క విడవలేదు. మంచం మీదైనా, ఆటోలోనైనా, అన్నం దగ్గరైనా ఎడమే. ఆమె గొంతు చాలా సన్నం. ఆయనేమో నాతో, "మీ వదినె మాట్లాడది కాంటాసాబ్. పెండ్లయినకాంచి గంతే. ఉన్నదా లేదా అన్నట్టుంటది," అనేవాడు. కానీ ఆ ఇంట్లో తిన్న ప్రతిసారీ నేను విన్నాను, ఆమె చాలా మాట్లాడేది. కూరలో ఉప్పు గురించి, మొగుడంపల్లిలో చెల్లెలి చేను గురించి, గోడ మీద పిల్లి గురించి. అన్నీ ఆయన ఎడమ చెవి పక్కన చెప్పేది. ఆయన తింటూ ఉండేవాడు.

"వదినా, జర అటు పక్కకు కూసోరాదు?" అన్నానొకసారి.

"అటేంది? మా అమ్మ మా నాయనకు ఇటే కూసున్నది," అంది.

ఫోను సంగతి ఇంకా వింత. ఆయన దారిలోంచి ఫోన్ చేస్తే ఆమె మొట్టమొదట, "బండి బంద్ జేసి మాట్లాడు," అనేది. అంత హోరులో ఆయనకు వినిపించేది 'బండి' అన్న మాట ఒక్కటే. "బండి మంచిగున్నది," అని అరిచి పెట్టేసేవాడు. ఆమె ఆ ఫోను చెవికి అట్లాగే ఆనించుకుని ఇంకొంచెంసేపు నిలబడేది.

పరదా పడవ మాట మొదట ఎత్తింది ఆయన గోదావరి వైపు అల్లం వేసుకుని పోయి వచ్చినప్పుడు. రాజమండ్రి వంతెన మీద బండ్లు నిలిచిపోయాయట. అన్నిటితో పాటు తనూ ఇంజను ఆపి కిందికి చూశాడు.

"ఏందో తెల్లగ కనవడ్డది కాంటాసాబ్. పడవ. దానికి పరదా గట్టిన్రు. ఇంజన్ లేదు, మనిషి తోస్తలేడు, కర్రతోని పొడుస్తలేడు. ఊకె పోతున్నది." రెండు చేతులూ చాచి ఆ గుడ్డ ఎంత పెద్దదో చూపించాడు. "లెక్కలోనివి గద, చెప్పు. గంత గుడ్డకు ఎన్ని హార్స్‌పవర్ వడతది?"

లెక్కలు నాకు నేనుగా నేర్చుకున్నవి. బడి మానేశాక పాత పుస్తకాల దుకాణంలో దొరికిందల్లా చదివి, బావి పూడిక నుంచి కప్పు వాలు దాకా ఊళ్లో ఎవరేమడిగినా కట్టి ఇచ్చేవాణ్ణి. గుడ్డ వైశాల్యం కావాలి, గాలి వేగం కావాలి, వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది అని మొదలుపెట్టాను. ఆయన వినలేదు. చేతులు ఇంకా చాచే ఉంచి, వాటి మధ్యనున్న ఖాళీని చూసుకుంటున్నాడు.

తర్వాత చాలా ఏళ్లకు సంగారెడ్డిలో చెవుల డాక్టరు ఆయన కుడి చెవి కూడా నిలవదని చెప్పాడు. ఒక ఏడాదో, కాస్త అటూఇటో. చెవికి పెట్టే మిషను ఒకటి ఇచ్చాడు. ఉస్తాద్ దాన్ని ఒక్కరోజు పెట్టుకుని, "దీంతోని ఇంజన్ రెండింతలయితది, మనిషి గంతే ఉంటడు," అని తీసి డబ్బాలో వేశాడు.

నాతో ఆ సంగతి టీ కొట్టు దగ్గర చెప్పాడు. రహస్యంగా చెప్తున్నాననుకున్నాడు గానీ బెంచీల మీద అందరూ విన్నారు.

"ఉన్న జరంత గూడ పోతదట కాంటాసాబ్. పోయేలోపల్నే ఇంజన్ లేని సవారి ఒకటి జెయ్యాలె. మీ వదినెతోని. ఆమె ఏమన్న మాట్లాడితే ఇనాలె ఒక్కపారి."

టీ గ్లాసుల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆయనకు అది తెలియలేదు.

ఆయన కూతురు ఊళ్లోనే ఉంటుంది, అల్లుడు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇద్దరూ కలిసి గోదావరి మీద పెద్ద మోటారు బోటు చూసిపెట్టారు. రెండంతస్తులు, కుర్చీలు, భోజనం, పాటలు. ఉస్తాద్ ఒప్పుకోలేదు.

"పాటలెందుకు? బోటంటే లారీయే. నీళ్లల్ల లారీ," అన్నాడు.

కూతురు నా దగ్గరికి వచ్చింది. "నువ్వన్న చెప్పు చిన్నాయనా. లెక్కతోని చెప్తె ఇంటడు."

చెప్పాను. మోటారు బోటు గంటలో పోయే దూరం తెరచాప పడవకు పూటంతా పడుతుంది. గాలి లేకపోతే అదీ లేదు, ఉన్నచోటే ఉంటుంది.

"ఎక్కడిదాంక పోవాలె మనం?" అని అడిగాడు ఆయన.

"ఎక్కడికీ లేదు. తిరిగి ఎక్కిన కాడికే."

"మరి జల్దీ ఎందుకు?"

బయలుదేరిన చోటికే తిరిగివచ్చే ప్రయాణంలో వేగాన్ని ఏ గడిలో వేయాలో నాకు తోచలేదు. కూతురు నుదురు కొట్టుకుంది. "పోతె పోయిన్రు గని, చిన్నాయన ఎంబడి ఉంటెనే పంపుత," అని షరతు పెట్టింది. అట్లా నేనూ కలిశాను. ఆయనకు ఫోను వినపడదు కాబట్టి పడవ మాట్లాడే పనీ నాదే అయింది.

ఎవరెవరినో అడిగితే రాజమండ్రి దిగువన ఒక రేవులో పడవ నడిపే ఆయన నంబరు దొరికింది. ఫోన్ చేసి, "మాకు పరదా పడవ గావాలె," అన్నాను. ఇన్నేళ్లూ ఉస్తాద్ నోట విని విని నాకు వేరే మాట రాలేదు.

"అలాగేనండి. ఆడవాళ్లున్నారాండి?" అన్నాడు అవతలి మనిషి.

"ఒకామె ఉంటది."

"మీరేం కంగారు పడకండి. శుభ్రంగా ఏర్పాటు చేస్తానండి."

మేం రైలు దిగి రేవుకు చేరేసరికి పడవ సిద్ధంగా ఉంది. చిన్న మోటారు పడవ. దాని నాలుగు వైపులా పెద్ద పెద్ద ఎర్ర పువ్వుల కర్టెన్లు కట్టి ఉన్నాయి. లోపల పరుపు, దిండ్లు. ఆయన వినయంగా ఒక కర్టెన్ పక్కకు తీసి, "అమ్మగారు లోపల కూచోవచ్చండి. గట్టు మీంచి ఎవరికీ అగుపడరు," అన్నాడు.

వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందని భుజాలు చూస్తే తెలిసింది. ఉస్తాద్ నవ్వలేదు. మోటారు దగ్గరికి పోయి దాని మీద చెయ్యి వేశాడు, వెచ్చగా ఉందో లేదో చూసేవాడిలా. గట్టు మీద కూర్చున్నాడు. ఎక్కనన్నాడు.

"గీ పరదా గాదు," అని నాతో అన్నాడు. "గాలికి ఉబ్బే పరదా. నువ్వేం జెప్పినవ్ కాంటాసాబ్?"

నేను చేతులు చాచి, బుగ్గలు పూరించి చూపించాను. పడవాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"తెరచాపాండీ?" అన్నాడు. "ఆ ముక్క చెప్పాలి గదండీ. పరదా అంటే నేనింకేదో ఇదనుకున్నాను. ఇప్పుడు తెరచాప ఎవరు కడుతున్నారండి?" తల గోక్కున్నాడు. "మా మామగారిదొకటుందండి. లంకలోంచి అరటిగెలలు తెస్తాడు. వాసనొస్తుంది మరి. మీలాంటోళ్లు కూచోలేరు."

"మేమా?" అన్నాడు ఉస్తాద్, ఈ మాట ఎట్లా విన్నాడో. "మేం ఉల్లిగడ్డ లోడు మీద పండుకున్నోళ్లం."

పొద్దు వాలుతుండగా మామగారి పడవ వచ్చింది. తెరచాప యూరియా సంచులు విప్పి కుట్టింది. ఎండకు వెలిసిపోయిన అక్షరాలు అక్కడక్కడ తిరగబడి కనిపిస్తున్నాయి. ఉస్తాద్ దాని అంచు పట్టుకుని కుట్టు చూసి, లారీ మీద కప్పే పట్టా కూడా ఇట్లాగే కుడతారన్నాడు. పువ్వుల కర్టెన్ ఒకటి విప్పి అడ్డపలక మీద పరిచారు. ఉస్తాద్ నడుమ కూర్చున్నాడు. వదినె వచ్చి ఎడమవైపు కూర్చుంది. నారింజరంగు జాకెట్లు మాకు తొడిగించారు. నాకు ఈత రాదు, అందుకని ఆ బకిల్సు నేను రెండోసారి కూడా చూశాను.

పడవాయన మామగారు ముసలాయన, మాట తక్కువ. ఉస్తాద్ చేతులు ఖాళీగా ఉండలేక అటూ ఇటూ కదులుతుంటే చూసి, తెరచాప తాడు ఆయనకు అందించాడు. "పట్టుకోండి. లాగకండి, ఒదలకండి," అన్నాడు. ఉస్తాద్ ఆ తాడును స్టీరింగు పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఒడ్డు విడిచాక తెరచాప రెండుసార్లు దులుపుకుని ఉబ్బింది. అంతే. పడవ పోసాగింది. నా లెక్క ప్రకారం ఏదో ఒకటి దాన్ని తొయ్యాలి. తోస్తోందని తెలుసు, ఎంతగా తోస్తోందో కూడా కట్టి చెప్పగలను. అయినా నా ఒళ్లు నమ్మలేదు. ఒడ్డున కొబ్బరిచెట్లు తమంతట తామే వెనక్కి పోతున్నట్టుంది. పడవ కింద నీళ్లు ఎవరో చీర మడత పెడుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి. ఉస్తాద్ ముఖం వైపు చూశాను. కళ్లు సగం మూతపడి ఉన్నాయి. నోరు కొద్దిగా తెరుచుకుంది. వాలులో లారీ దిగేటప్పటి ముఖం.

వదినె ఎడమవైపు కూర్చుని ఏదో అంది. ఆయనకు వినపడలేదు. ఇంజను లేదు, నీళ్లు మెల్లగా ఉన్నాయి, అయినా వినపడలేదు. ఆ చెవిలో వినడానికి ఏమీ మిగల్లేదు. ఇంత దూరం వచ్చి, ఇంత వెతికి, ఆఖరికి ఇంట్లో కూర్చున్నట్టే కూర్చున్నారు. నేను నోరు తెరిచి చెప్పబోయాను.

అప్పుడే పడవ నది నడుమనున్న లంక వైపు తిరిగింది. గాలి కుడివైపు నుంచి పట్టుకుంది. పడవ మొత్తం ఎడమకు ఒరిగింది. ఎడమ అంచు నీళ్లకు బెత్తెడు దూరంలోకి దిగింది.

"అమ్మగారూ, ఇటు రండి," అన్నాడు ముసలాయన చుక్కాని దగ్గర నుంచి. "గాలి పక్కకి బరువుండాలి. అయ్యగారు కదలకండి, మీ చేతిలో తాడుంది."

వదినె మొగుడి ముఖం చూసింది, నీళ్లు చూసింది. పీటల మీద నుంచి విడవని ఆ పక్క విడిచి, ఆయన మోకాళ్ల ముందు నుంచి వంగి నడిచి, కుడివైపు కూర్చుంది. పడవ సర్దుకుంది. బరువులు తూచడమే నా పని. అంత సన్నటి మనిషి బరువు అటు నుంచి ఇటు మారితే అంత పడవ నిలబడడం చూశాను.

కొంచెంసేపటికి ఆమె నీళ్ల వైపు చూస్తూ ఎప్పటిలాగే తనలో తను అనుకున్నట్టు అంది. "లారీల ఒక్కపారి కూసోవాలని ఉండె నాకు."

"ఏ లారీల?" అన్నాడు ఉస్తాద్.

ఆమె ఉలిక్కిపడి నా వైపు చూసింది. అడిగింది నేననుకుంది. నేను ఆయన్ని చూపించాను.

"నీ లారీల," అంది. "బొంబాయి దాంక వద్దు. ఊరి బయటిదాంక."

"అడగకపోయినవా?"

"అడిగిన."

"ఎప్పుడు?"

"శానసార్లు. పిల్ల పుట్టకముందు, పుట్టినంక. ఫోన్ల గూడ అడిగిన. నువ్వేమో బండి మంచిగున్నదంటివి."

తాడు వదులైంది. తెరచాప పటపట కొట్టుకుంది. "తాడండీ, తాడు," అన్నాడు ముసలాయన. ఉస్తాద్ సవరించుకున్నాడు. అప్పుడు ఆయన అన్న మాట నాకు సరిగా వినిపించలేదు. మధ్య దూరం నాలుగు మూరలు కూడా లేదు. అంత మెల్లగా అన్నాడు. మనిషి తన గొంతు తనకు వినపడనప్పుడే అరుస్తాడు కాబోలు. ఆయన పెదవులు చూసి, ఇంకేమేమడిగినవ్ అన్నాడని ఊహించాను.

నేను లేచి ముందువైపుకు పోయి, వాళ్లకు వీపు పెట్టి కూర్చున్నాను.

మధ్యలో పెద్ద మోటారు బోటు ఒకటి పాటలతో పోయింది. దాని అలలకు మా పడవ ఊగింది. వెనక ఇద్దరూ మాట ఆపి, అది దాటేదాకా ఆగారు. తర్వాత "ఆఁ, గా పిల్లి సంగతి చెప్పు," అన్న ఆయన మాట గాలికి ముక్కగా వచ్చింది. ఇంకాసేపటికి ఆ గాలీ పడిపోయింది. తెరచాప వాలింది. పడవ నది నడుమ నిలిచింది, కాంటా మీద అంకె ఊగడం మాని నిలిచినట్టు. ఇప్పుడు బరువు సమానం కావాలంటే ఆమె మళ్లీ ఎడమకు రావాలి. ముసలాయన పిలవలేదు. నేనూ చెప్పలేదు. పడవ కొంచెం కుడికి ఒరిగే ఉండిపోయింది.

తిరిగొచ్చాక ఉస్తాద్ పాత సేటును అడిగి ఒక పూట లారీ తీసుకున్నాడు. హైవే ఎక్కలేదు, యార్డు నుంచి కాంటా దాకా ఉన్న వాలు మాత్రమే. ఇంజను బంద్ చేసి దిగాడు. వదినె క్లీనరు సీటులో లేదు. డ్రైవరు వెనక పడుకునే పలక మీద, ఆయన కుడి భుజానికి గడ్డం ఆనించి కూర్చుంది. దారి పొడుగునా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆయన నవ్వుతున్నాడు. బండి కాంటా నడుమకు వచ్చి ఆగింది. ఆ లారీ ఖాళీ బరువు నాకు నోటికి వచ్చు, ఆయనతో కలిపి ఎంతో కూడా తెలుసు. ఆ రోజు అంకెలో మొదటిసారి ఆమె ఉంది. చీటీ తీయాలని గుర్తు రాలేదు. ఆ అంకెను చూస్తూ ఉండిపోయాను.

డాక్టరు చెప్పింది నిజమైంది. కుడి చెవి కూడా పోయింది. తర్వాత ఎంతో కాలం లేదు, గుండె ఆగింది. ఉదయమే కబురు వచ్చి వెళ్లేసరికి వాకిట్లో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. వదినె ఆయనకు కుడివైపు కూర్చుని, చెవి దగ్గరికి వంగి, ఆ సన్నటి గొంతుతో ఏదో చెప్తూ ఉంది. పెద్దామె ఒకావిడ వచ్చి భుజం తట్టింది.

"గిటు గాదు బిడ్డా. పెండ్లాం ఎడమ పక్క కూసోవాలె."

వదినె తల ఎత్తలేదు.

"గా పక్క ఇనవడది," అంది.